బండికి నిమ్మకాయలు కడతాం, ఆయిల్ గేజి మాత్రం తియ్యం!

పోస్టు కొంచెం పెద్దది, కొంచెం కారంగా కూడా ఉంటుంది. ముందు చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన అన్నవరం కొండ కింద తొలి పావంచా దగ్గర ఓ గంట నిలబడి చూడండి. కొత్త బళ్ళు వస్తూనే ఉంటాయి. పసుపు రాస్తారు, బొట్టు పెడతారు, బంతిపూల దండ వేస్తారు, చక్రం కింద నిమ్మకాయ తొక్కిస్తారు, కొబ్బరికాయ కొట్టి సత్యదేవుడి పేరు చెప్పుకుని బయల్దేరతారు. మంచి పద్ధతే. నా బండికీ అలాగే చేయించాను. ఎవరి నమ్మకాన్నీ ఒక్క మాట అనడం లేదు. నేనడిగేది వేరే. ఆ పూజ రోజు నించి ఇవాళ్టిదాకా, ఆ బండి ఇంజన్లో ఆయిల్ ఎంత ఉందో మీ చేత్తో గేజి తీసి ఎన్నిసార్లు చూశారు?

మొన్న టీ కొట్టు దగ్గర ఇదే మాట అడిగాను. ఏడెనిమిది మంది ఉన్నారు, అందరికీ బళ్ళున్నాయి. ఒకాయన "అది మెకానిక్ పని కదండీ" అన్నాడు. ఇంకో కుర్రాడు "గేజి ఎక్కడుంటది బాబాయ్?" అన్నాడు. నాలుగేళ్ళ నించి తోలుతున్నాడు ఆ బండిని!

ఈ నిర్లక్ష్యం మనకి ముందు నించీ ఉన్నది కాదు. మన నాన్నల కాలంలో ఎడ్లబండికి కందెన గొట్టం వేలాడేది, గుర్తుందా? ఇరుసుకి కందెన పెట్టకుండా సంతకి బండి కట్టిన మనిషిని ఊళ్ళో మనిషిగా లెక్కపెట్టేవాళ్ళు కాదు. కాడి వేసే ముందు ఎద్దు మెడ తడిమి చూసేవాళ్ళు, గిట్ట ఎత్తి చూసేవాళ్ళు. ఇరుసు ఆరిపోతే కీచుమని అరిచేది, ఊరంతా వినపడేది. ఇప్పటి ఇంజను అలా అరవదు. అది అరిచిందంటే అప్పటికే పని అయిపోయినట్టు.

ఇప్పటికీ మడి దగ్గర ఆయిల్ ఇంజను తిప్పే ముందు గేజి పుల్ల తీసి చూస్తాం. ట్రాక్టర్ డ్రైవరు పొద్దున్నే బానెట్ ఎత్తి చూడకపోతే "ఏం డ్రైవరివిరా నువ్వు" అంటాం. మరి పాల క్యాన్లు మోసేది, యూరియా బస్తా తెచ్చేది, జీడిపిక్కల మూట కత్తిపూడి చేర్చేది, అర్ధరాత్రి నొప్పులొస్తే ఆడపిల్లని తుని ఆసుపత్రికి తీసుకెళ్ళేది మోటారు సైకిలే కదా. దానికి మాత్రం గేజి చూడం. ఇదెక్కడి న్యాయం?

అలవాటు ఎక్కడ తప్పింది?

నాకు తోచింది చెప్తాను. 1980లో టీవీఎస్ 50 వచ్చింది. లూనాలు, చేతక్ లు, రాజ్ దూత్ లు, అన్నీ అప్పట్లో టూ స్ట్రోక్ బళ్ళే. బంకు దగ్గర పెట్రోలుతో పాటు టూటీ ఆయిల్ కలిపి పోసేవాళ్ళు. ఆయిల్ కలపకపోతే పిస్టన్ పట్టేస్తుందని చదువు రాని మనిషికి కూడా తెలుసు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ ఆయిల్ మాట వచ్చేది. పొగ ఎక్కువొచ్చేది, అది వేరే సంగతి, కానీ ఆయిల్ ని మర్చిపోనిచ్చేది కాదు.

1985లో సీడీ 100 వచ్చింది. ఫోర్ స్ట్రోక్. పెట్రోల్లో ఆయిల్ కలపక్కర్లేదు. "నింపు, మూత పెట్టు, మర్చిపో" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ప్రకటన ఒకటి దేశమంతా మోగిపోయింది. మా వయసు వాళ్ళకి గుర్తుండే ఉంటుంది. 1994లో స్ప్లెండర్ వచ్చింది, ఊళ్ళని ఊళ్ళే నిండిపోయాయి. చివరికి మన ఎక్సెల్ మోపెడ్ కూడా 2015లో ఫోర్ స్ట్రోక్ అయిపోయింది. బళ్ళు మంచివే, మైలేజీ మంచిదే. ఆ ప్రకటన పెట్రోలు గురించి చెప్పింది. మనం ఆ మాటని ఆయిల్ కి కూడా అంటగట్టుకున్నాం. పెట్రోలు మర్చిపోతే బండి ఆగుతుంది, తోసుకుంటూ బంకుకి పోవచ్చు. ఆయిల్ మర్చిపోతే తోసుకుంటూ లేతు మిషను దగ్గరికి పోవాలి.

ఇంకో తేడా చూడండి. పెట్రోలుకి మీటర్లో ముల్లుంది, రిజర్వు ఉంది. మనం తోలే వంద సీసీ బళ్ళలో చాలావాటికి ఆయిల్ తగ్గిందని చెప్పే లైటు లేదు. ఉన్న లైటల్లా ఆ గేజి పుల్లే. దాన్ని తియ్యకపోతే కళ్ళు మూసుకుని బండి తోలినట్టే లెక్క.

అంత చిన్న ఇంజన్లో ఎంత ఆయిల్?

ట్రాక్టర్లో ఏడెనిమిది లీటర్లు పడుతుంది. కారులో మూడు నాలుగు. మన వంద సీసీ బండిలో లీటరుకి అటూ ఇటూ, స్కూటీల్లో అయితే అంతకన్నా తక్కువే. ఆ కాస్త ఆయిలే పిస్టన్ ని జారేలా చెయ్యాలి, క్రాంకు బేరింగుకి వెళ్ళాలి, పైకెక్కి హెడ్డులో క్యాముకి అందాలి, గేర్లని తడపాలి, క్లచ్ ప్లేట్లు కూడా అందులోనే మునిగి ఉంటాయి. దుమ్ము, మసి, ఇనప రజను తనలోకి తీసుకోవాలి. పైగా వేడి కూడా లాగాలి, ఎందుకంటే ఈ బళ్ళకి రేడియేటర్ లేదు, గాలీ ఆయిలూ రెండే దిక్కు.

ట్రాక్టర్లో పావు లీటరు తగ్గితే పెద్దగా తెలీదు. మన బండిలో పావు లీటరు తగ్గిందంటే ఉన్నదాంట్లో నాలుగో వంతు పోయినట్టు. మిగిలిన ఆయిల్ ఇంకా ఎక్కువసార్లు తిరగాలి, ఎక్కువ కాగాలి, త్వరగా పల్చబడాలి. ఇంకా తగ్గితే పంపు గాలి పీల్చడం మొదలుపెడుతుంది. ముందు హెడ్డులో క్యాము, రాకర్లు అరుగుతాయి, "టకటక" అని చప్పుడు. తర్వాత పిస్టన్ గీరుకుంటుంది. ఆ తర్వాత పట్టేస్తుంది.

పరుగులో ఉండగా ఇంజను పట్టేస్తే ఏమవుతుందో తెలుసా? వెనక చక్రం ఉన్నపళంగా బిగుసుకుపోవచ్చు. మన హైవే మీద, వెనకాల లారీ వస్తుండగా, వెనక సీటు మీద ఇంటావిడ కూర్చుని ఉండగా అది జరిగితే ఆలోచించుకోండి. అందుకే చెప్తున్నాను, ఇది డబ్బు సంగతి ఒక్కటే కాదు. నడుస్తున్న బండి ఒక్కసారి బరువెక్కి, ఎవరో వెనక్కి లాగినట్టు అనిపిస్తే వెంటనే క్లచ్ నొక్కి ఎడమ పక్కకి తియ్యండి. మళ్ళీ కిక్కులు కొట్టొద్దు.

మన సాకులు ఒక్కోటీ చూద్దాం

"మెకానిక్ చూసుకుంటాడు కదా." మెకానిక్ మీ బండిని చూసేది నాలుగు నెలలకోసారి, అదీ గట్టిగా అరగంట. మిగతా నూట ఇరవై రోజులు బండి ఎవరి దగ్గరుంది? గేదెకి జబ్బు చేస్తే పశువుల డాక్టరు వస్తాడు, కానీ మేత తిందో లేదో చూసేది డాక్టరు కాదు కదండీ. ఆయిల్ మార్చడం మెకానిక్ పని. ఎంత ఉందో చూడటం బండి యజమాని పని. ఈ రెండూ కలిపేసుకున్నాం, అక్కడే దెబ్బతింటున్నాం.

"మొన్నే మార్పించానండీ." మా పక్క ఊరి కౌలు రైతు ఒకాయన కిందటేడు సరిగ్గా ఇదే మాట అన్నాడు. రెండు నెలల ముందు మార్పించాడు, నిజమే. కింద డ్రైన్ బోల్టు వాషరు అరిగిపోయి బొట్టు బొట్టు కారింది. రోజూ గడ్డి మోపు వేసుకుని గట్ల మీద తిరిగే బండి, నిలబెట్టేది మట్టి నేల మీద. కారింది కారినట్టే మట్టిలో ఇంకిపోయింది, ఎవరి కంటా పడలేదు. కోతల ముందు బండి పట్టేసింది. బోరు, పిస్టన్, కనెక్టింగ్ రాడ్డు, లేతు పని అన్నీ కలిపి పదకొండు వేలు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు. గేజి తీసి చూస్తే తెలిసిపోయేది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ఆయన్ని ఎత్తిపొడవడానికి చెప్పడం లేదు, ఆయనకి ఆ గేజి చూడాలని చెప్పిన మనిషే లేడు. బండి అమ్మినవాళ్ళు ఫైనాన్సు కాయితాల మీద ఇరవై సంతకాలు పెట్టించుకున్నారు, గేజి ఎక్కడుందో చూపించడానికి రెండు నిమిషాలు దొరకలేదు.

"కారడం లేదు, ఇంకెందుకు తగ్గుతుంది?" కారకుండా కూడా తగ్గుతుంది. రింగులు కొంచెం అరిగినా, వాల్వు సీళ్ళు గట్టిపడినా ఆయిల్ పైకెక్కి పెట్రోలుతో పాటు మండిపోతుంది. సైలెన్సర్ నించి నీలం కలిసిన తెల్ల పొగ, కాలిన ఆయిల్ వాసన వచ్చాయంటే అదే. పాత బండి కొంచెం తాగడం మామూలే. తాగుతోందని తెలిస్తే పోసుకోవచ్చు, బండి ఇంకా ఏళ్ళు నడుస్తుంది. తెలీకపోవడమే ప్రమాదం.

"మైలేజీ బాగానే వస్తోంది, చప్పుడు కూడా లేదు." బీపీ ఉన్నవాడు కూడా పడిపోయేదాకా బాగానే తిరుగుతాడు.

"రంగు నల్లబడింది, అందుకే మార్పిస్తున్నా." ఇది వినడానికి జాగ్రత్తలా ఉంటుంది, కానీ తలకిందుల జాగ్రత్త. మసినీ మురికినీ తనలో పట్టి ఉంచడం ఆయిల్ పని, అందుకే నల్లబడుతుంది. నల్లగా ఉన్నా సరిపడా ఉంటే ఇంజను బతుకుతుంది. తేనెలా మెరుస్తూ అడుగున కాస్తే ఉంటే చస్తుంది. మనం నలుపు చూసి భయపడతాం, తక్కువ చూసి భయపడం.

"ఎందుకైనా మంచిదని లీటరు డబ్బా మొత్తం పోయించేశా." ఎరువు ఎక్కువేస్తే వరి పడిపోతుందని తెలిసిన మనమే ఈ మాట అంటాం. ఎక్కువైన ఆయిల్ నురగ కడుతుంది, నురగ సరిగ్గా జారదు. ఒత్తిడి పెరిగి సీళ్ళ దగ్గర కారుతుంది, గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్లోకి కక్కుతుంది. గేజి మీద రెండు గీతలు పెట్టింది ఎందుకు? పై గీత దాటొద్దు, కింది గీత దిగొద్దు. అంతే.

చూడటం ఎలా? అయిదు నిమిషాల పని

ఇంటి ముందు చదునైన చోట మెయిన్ స్టాండు వెయ్యండి. సైడు స్టాండు మీద చూడొద్దు. బండి ఎడమకి వాలితే ఆయిల్ కూడా ఎడమకి పోతుంది, స్ప్లెండర్ లాంటి బళ్ళలో గేజి కుడి పక్కన ఉంటుంది కాబట్టి ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అది నమ్మి పోసేస్తే ఎక్కువైపోతుంది.

ఇంజను రెండు మూడు నిమిషాలు ఆడించి ఆపండి. ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగండి, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. గేజి చుట్టూ ఉన్న మట్టి గుడ్డతో తుడవండి, లేకపోతే మూత తియ్యగానే ఇసక లోపల పడుతుంది. ఇది చాలామంది మర్చిపోతారు, మన పొలం బళ్ళకి ఇది మరీ ముఖ్యం. గేజి విప్పి, శుభ్రమైన గుడ్డతో తుడిచి, మళ్ళీ రంధ్రంలో పెట్టండి, మర తిప్పి బిగించకండి, ఊరికే ఆనించండి. తీసి చూడండి. రెండు గీతల మధ్య, పై గీతకి దగ్గరగా తడి ఉంటే సంతోషం. కింది గీత దగ్గరుంటే కొంచెం కొంచెంగా పోస్తూ, ఆగి మళ్ళీ చూస్తూ పై గీత దాకా తేవాలి. అయ్యాక మూత గట్టిగా బిగించండి.

కొన్ని బళ్ళకి పుల్ల ఉండదు, ఇంజను పక్కన చిన్న గాజు కిటికీ ఉంటుంది. బండి నిటారుగా నిలబెట్టి గాజు మీద గీతల మధ్య ఆయిల్ కనపడుతోందా లేదా చూడటమే. బండితో ఇచ్చిన పుస్తకంలో ఇంకోలా రాసి ఉంటే ఆ పుస్తకం మాటే వినండి. పుస్తకం ఇంగ్లీషులో ఉందంటారా? ఇంట్లో పదో తరగతి చదివే పిల్లాడున్నాడుగా, రోజంతా ఫోన్ చూసేవాడు. ఓ పూట కూర్చోబెట్టి చదివించండి, వాడికీ పని నేర్పినట్టుంటుంది.

ఎన్ని రోజులకి? నెలకి రెండుసార్లు, అమావాస్యకీ పౌర్ణమికీ అని పెట్టుకోండి, మర్చిపోరు. పాత బండి, ఆయిల్ తాగే బండి అయితే వారానికోసారి. ఎప్పుడు ఎంత పోశారో పాల లెక్క పుస్తకం చివరి పేజీలో రాయండి. మూడు నెలలకి పోసేది నెలకే పొయ్యాల్సి వస్తోందంటే ఇంజను మీకు ముందే చెప్తున్నట్టు. చిన్న పనిగా ఉన్నప్పుడే చేయించుకోవచ్చు.

గేజి మీద ఆయిల్ పాలు ఎక్కువైన టీ రంగులో కనపడితే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టు. 2024 సెప్టెంబరులో ఏలేరు వరదొచ్చినప్పుడు ఎన్ని బళ్ళు నీళ్ళలో ఉన్నాయో మనకి తెలుసు. మునిగిన బండిని నీళ్ళు దిగగానే కిక్కు కొట్టొద్దు. ముందు ఆయిల్ తీసేసి కొత్తది పోయించాకే స్టార్టు చెయ్యాలి.

ఏ ఆయిల్?

ట్రాక్టర్ కి తెచ్చింది మిగిలింది కదా అని బండిలో పోసేవాళ్ళున్నారు. చెయ్యకండి. మన బండి క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుందని చెప్పాను కదా. కార్ల ఆయిళ్ళలో కొన్నింటిలో జారుడు పెంచే మందులు కలుపుతారు. వాటితో క్లచ్ ప్లేట్లు జారతాయి. రెండు బస్తాలు వేసుకుని ఎత్తు ఎక్కుతుంటే ఇంజను గోల పెడుతుంది, బండి కదలదు. మోటారు సైకిలుకి ఫోర్ టీ అని, డబ్బా వెనక "జాసో ఎంఏ" లేదా "ఎంఏ2" అని ఉన్నది తీసుకోండి. గేర్లు లేని స్కూటీలకి "ఎంబీ" రకం. 10డబ్ల్యూ-30 పొయ్యాలా, 20డబ్ల్యూ-50 పొయ్యాలా అన్నది పక్కింటి బండిని చూసి కాదు, మీ బండి పుస్తకం చూసి.

డ్రమ్ములో లూజు ఆయిల్ యాభయ్యో వందో తక్కువకి వస్తుందని మోజు పడకండి. ఏనుగుని కొని అంకుశం దగ్గర బేరమాడినట్టుంటుంది. సీలు డబ్బా మీ కళ్ళ ముందే విప్పించండి. పోశాక మిగిలింది ఇంటికి తెచ్చుకోండి, అది మీ డబ్బు, తర్వాత తగ్గినప్పుడు పోసుకోవడానికి పనికొస్తుంది. ఖాళీ డబ్బాకి మేకుతో ఓ చిల్లు పెట్టి పారెయ్యండి, మళ్ళీ అందులో ఇంకేదో నింపి అమ్మకుండా. ఇలా అడిగితే మంచి మెకానిక్ ఏమీ అనుకోడు. మన దగ్గర మంచి మెకానిక్కులే ఎక్కువ. అనుకున్నాడంటే ఆ షాపు మానెయ్యండి. తీసిన పాత ఆయిల్ ని మాత్రం పంపా వైపో, పంట కాలవలోకో పోయించకండి. ఆ నీళ్ళే మన మళ్ళలోకి వచ్చేది.

మార్చే గడువు కొన్ని బళ్ళకి మూడు వేల కిలోమీటర్లు, కొన్నింటికి అయిదారు వేలు, కొన్నింటికి పది వేలు కూడా ఉంటుంది. కానీ ఆ లెక్క మామూలు రోడ్డుకి. మొదటి గేరులో, రెండో గేరులో, దుమ్ములో, బరువుతో పొలం దారుల్లో తిరిగే బండికి గడువు కంటే ముందే మార్పించుకోవడం మంచిది. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఇంజను ఎక్కువసేపు ఆడుతుంది కదా.

చివరిగా

కొందరు అంటారు, "మీరు మరీ చెప్తారండీ, ఇంత చిన్న విషయానికి ఇంత పోస్టా" అని. ధాన్యం బస్తాకి యాభై తక్కువిచ్చారని రోడ్డెక్కుతాం, ఎక్కాలి కూడా. ఎరువు దుకాణంలో పది రూపాయలు ఎక్కువ తీసుకుంటే ఊరుకోం. మరి మన చేతులారా ఇంజన్లో కాల్చేసే పది వేల గురించి మాట్లాడితే చిన్న విషయం ఎలా అవుతుంది? ఆ పదివేలకి ఎవరినీ నిలదియ్యడానికి లేదు, ఎవరి దగ్గరా పరిహారం రాదు. కాపాడుకుంటే మనమే కాపాడుకోవాలి, అదీ ఖర్చు లేకుండా, పాత గుడ్డ ముక్కతో.

అందుకని ఒక్క పని చెయ్యండి. ఈ ఆదివారం మీ వీధిలో నలుగురు కలిసి, నాలుగు బళ్ళూ వరసగా మెయిన్ స్టాండు వేసి గేజిలు తీసి చూడండి. తెలిసినవాళ్ళు తెలీనివాళ్ళకి చూపించండి. స్కూటీ తోలే ఆడపిల్లలకీ చూపించండి, దారిలో ఆగిపోతే ఇబ్బంది పడేది వాళ్ళే. ఎన్ని బళ్ళలో ఆయిల్ కింది గీత దాటిపోయి ఉందో కింద కామెంట్లో రాయండి. అబద్ధం వద్దు. నా వాదన తప్పని తేలితే అందరికీ టీలు నా ఖర్చు. తప్పు కాదని తేలితే మీరేం కొనక్కర్లేదు, వెళ్ళి ఆయిల్ పోసుకోండి చాలు.

జై కిసాన్.